ఏడాదికొక మాట

రోట్లో ఉమ్మెత్తాకు సగం నలిగేసరికి చెంగల్రాయుడి చేతులకు మోచేతుల దాకా పసరు పాకింది. రెండు పిడికిళ్ల కాకిదొండాకు తుంచి అందులో వేసి మళ్లీ పొత్రం తిప్పాడు. పక్కన చేటలో టెంకాయ చిప్పల బొగ్గు ఉంది. నిన్ననే దంచి, పాత పంచెగుడ్డలో జల్లించాడు. ఆకు వెన్నలా అయ్యాక ఆ పొడిని చిటికెడు చిటికెడుగా చల్లాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే గడ్డలు కడుతుంది, గడ్డలు కట్టిన రంగు బల్లమీద ఆరు నెలలైనా నిలవదు, పొలుసులై లేస్తుంది. రుబ్బినంతసేపూ, పూసినంతసేపూ చేతులు కంటిదగ్గరికి పోకూడదు. ఒక ఏడు మరిచిపోయి కన్ను నలుపుకుంటే మూడు రోజులు లోకమంతా పొగమంచులో ఉన్నట్టు కనిపించింది.

పుంగనూరు, చౌడేపల్లె చుట్టుపక్కల ముప్పైకి పైగా బడుల్లో నల్లబల్లలకు నలుపు వేసేది అతనే. మిగతా ఏడంతా ఇళ్లకు సున్నం కొడతాడు. వాళ్ల నాయనా సున్నమే కొట్టేవాడు. నాయన చేతిలో తెలుపు ఉంటే కొడుకు చేతికి నలుపు కూడా వచ్చిందని ఊళ్లో నవ్వేవాళ్లు. వేసవి సెలవులు మొదలైన వారానికి తొలి బడి పట్టుకుంటే, జూన్‌లో బడులు తెరిచే ముందురోజుకు ఆఖరి బడి అయిపోతుంది. ఆ ఆఖరి బడి ఎప్పుడూ ఒకటే, మిట్టకాడపల్లె. అది దారిలో మొదట వచ్చే బడే. అయినా దాన్ని చివరికి ఉంచుకుంటాడు, పిల్లవాడు బెల్లంముక్కను బుగ్గన దాచుకున్నట్టు.

రెడ్డెమ్మ గడపమీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"బొగ్గు పనికి పోయేదానికి ఉతికిన చొక్కా యాలయ్యా?"

"ఊరికే."

"ఊరికేనా? ముప్పై బడులకు పోయినావు, ఒక్కదానికీ తల దువ్వుకోలేదు. ఈ పొద్దు దువ్వెన యాడుండాదని అడిగినప్పుడే అనుకున్నా, టీచరమ్మ బడికని."

"ఆయమ్మ ఆడ ఉండదు కదమ్మే. సెలవులు."

"ఉండకపోతేనేం? ఉన్నట్టే కదా నీకు." రెడ్డెమ్మ నవ్వింది. నవ్వుతూనే లేచి సంగటిముద్ద మూటకట్టి, పచ్చడి ఆకులో చుట్టి సంచిలో పెట్టింది. "ఈ ఏటి మాట మరిచిపోకుండా వచ్చి చెప్పు. పోయినేటిది నాకింకా గుర్తుండాది. కలం అంటే రెల్లుపుల్ల."

చెంగల్రాయుడు రంగు ముద్దను మూతబిందెలోకి తీసి, పైన తడిగుడ్డ కప్పి కట్టాడు. కుంచెలు రెండు చంకన పెట్టుకున్నాడు. బస్టాండు దాకా నడిచినంతసేపూ ఇంకొకటే ఆలోచన. ఈ ఏటి మాట ఏదో అతనికి ముందే తెలుసు. తొమ్మిదేళ్లుగా తెలుసు. తెలియనిది దాని అర్థమే.

మూడో తరగతిలో ఉండగా నాయన సున్నం కొడుతూ సారువ మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. చెంగల్రాయుడు పలక పక్కన పెట్టి పరాయివాళ్ల గొర్రెలు పట్టుకున్నాడు. బడి వెనకాల గుట్టమీద గొర్రెలను వదిలేవాడు. కిందినుంచి ఎక్కాలు వినిపించేవి. పదమూడో ఎక్కం దాకా అలా విని నేర్చుకున్నవే. ఆ తర్వాత మంద గుట్ట దాటి అవతలికి పోయేది, ఎక్కం సగంలో తెగిపోయేది. అక్షరాలు మాత్రం పోలేదు. బస్సు బోర్డులు చదువుతాడు, చీటీల మీది పేర్లు చదువుతాడు, తొందర లేకపోతే పేపరూ చదువుతాడు. పెదవులు కదపకుండా చదవడం రాదు, అంతే.

తొంభై ఒకటో సంవత్సరంలో మొదటిసారి మిట్టకాడపల్లె బడికి రంగుబిందెతో పోయినప్పుడు అన్నపూర్ణమ్మ టీచరు లోపల ఉంది. అది ఒక్క టీచరు బడి. ఆమె అప్పుడే వచ్చిన మనిషి. మదనపల్లెనుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. సన్నగా, పొడుగ్గా, నెరవడం మొదలైన జుట్టుతో బల్ల ముందు కూర్చుని రిజిస్టర్లు సర్దుతూ ఉంది. గోడకు సిమెంటుతో మెత్తిన బల్లమీద పెద్ద అక్షరాలతో 'పరీక్ష' అని ఉంది.

"తుడిసేదా అమ్మా?" అన్నాడు.

"తుడవండి," అంది.

ఆ 'అండి' విని వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. నలభై ఏళ్ల బతుకులో అతన్ని ఎవరూ అలా అనలేదు. సున్నం కొట్టించుకునేవాళ్లు 'రే' అంటారు, మంచివాళ్లయితే 'అప్పా' అంటారు. ఆ ధైర్యంతో, ఎవరినీ ఎప్పుడూ అడగనిది అడిగాడు.

"ఈ మాటకు అర్థమేందమ్మా? నా కూతురు దీనికే బయపడి జరం తెచ్చుకుంటాది."

ఆమె కుర్చీలోనుంచి లేచి వచ్చి, సుద్దముక్క తీసి ఆ మాటను రెండుగా విడగొట్టి చూపించింది. పరి అంటే చుట్టూ. ఈక్ష అంటే చూడటం. "బాగా చుట్టూ చూడమని అర్థమండి. భయపడమని ఎక్కడా లేదు ఇందులో."

మరుసటి ఏడు పోయేసరికి ఆమె లేదు. బడికి తాళం. వంటా ఊడుపూ చూసే బయ్యమ్మ తలుపు తీసింది. బల్లమీద, ఎవరో తాడు పట్టుకుని రాసినట్టు తిన్నని వరుసల్లో ఇలా ఉంది: 'చెంగల్రాయుడు గారికి. ఒజ్జ అనే మాట ఉపాధ్యాయుడు అనే మాట అరిగి అరిగి అయింది. ఎవరి దగ్గరికి చేరి చదువుకుంటామో వారు ఉపాధ్యాయుడు.' చివరి పనిదినం సాయంకాలం పిల్లలు పోయాక రాసి, తాళం వేసుకుని పోయి ఉంటుంది. నెలన్నర రోజులు మూసిన గదిలో ఆ రాత అతని కోసం ఉండిపోయింది. అతను కూర్చుని మూడుసార్లు చదివాడు. తన పేరు పక్కన ఉన్న 'గారు' ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. తర్వాత లేచి తడిగుడ్డతో తుడిచి నలుపు వేశాడు. తుడవక తప్పదు. పని అదే.

అప్పటినుంచి ఏడాదికొక మాట. హాజరు అంటే అరబ్బువాళ్ల మాట, ఎదురుగా ఉండటం. చాకుపీసులోని చాకు అంటే లాటిన్‌లో సున్నం. ఆ ఏడు అతను నాయనను తలుచుకున్నాడు. ఇస్కూలు అనేది గ్రీకువాళ్ల మాట అనీ, దానికి మొదటి అర్థం తీరిక అనీ రాసిన ఏడు రెడ్డెమ్మ పగలబడి నవ్వింది. "అందుకేనయ్యా నీకు ఇస్కూలు అబ్బలేదు, మనకు తీరిక యాడ ఉండాది?" ఇంకో ఏడు 'అక్షరం అంటే నాశనం లేనిది' అని రాసింది. తుడిచేవాడికా ఈ మాట రాసేది అని అతనికి గదిలో ఒక్కడికే నవ్వు వచ్చింది. చూస్తే కింద చిన్నగా ఇంకో వరుస. 'కాబట్టి మీరు నిశ్చింతగా తుడవండి.'

ఇన్నేళ్లలో మనిషిని చూసింది నాలుగుసార్లే. తొంభై అయిదులో ఒకసారి ఆమె ఏదో కాగితం కోసం సెలవుల్లో వచ్చి ఎదురుపడింది. అప్పుడే అడిగాడు.

"అన్నీ చెప్పినారు కదమ్మా. బడి అంటేనో?"

ఆమె చెప్పబోయి ఆగిపోయింది. "నాకు తెలియదండి," అంది. తెలియదని చెప్పడానికి ఆమె ఏమాత్రం సిగ్గుపడకపోవడం అతనికి ఇప్పటికీ గుర్తే. "చిన్న మాటలకే మూలం దొరకదు. వెతుకుతాను. నేను రిటైరయ్యే ఏడు తప్పకుండా చెప్తాను."

"అదెప్పుడమ్మా?"

వేళ్లమీద లెక్కపెట్టింది. "రెండువేల నాలుగు. అప్పటిదాకా మీరు రంగు వేయడం మానకూడదు మరి."

మానలేదు. మధ్యలో మోకాళ్లు పట్టేశాయి. కొన్ని పెద్ద బడుల్లో డబ్బారంగు కొని వాళ్లే పూసుకోవడం మొదలుపెట్టారు. అల్లుడు బెంగుళూరులో వాచ్‌మన్ పని చూస్తానన్నాడు. దేనికీ కదల్లేదు. ఎందుకు కదలవని రెడ్డెమ్మ అడిగితే చెప్పలేదు. ఆమెకు తెలుసునని అతనికి తెలుసు.

బస్సు దిగి, వేరుసెనగకు దున్ని పెట్టిన చేల మధ్యగా నడిచి మిట్టకాడపల్లె చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. బడికి తాళం. బయ్యమ్మ ఇంటికి పోతే పక్కింటావిడ చెప్పింది, విత్తనకాయలు ఇస్తారంటే చౌడేపల్లెలో వరసలో నిలబడటానికి తెల్లవారే పోయిందని. తాళంచెవి కొంగునే ఉంటుంది.

తిరిగివచ్చి బడి మెట్లమీద కూర్చున్నాడు. తడిగుడ్డ ఎండిపోకుండా బోరింగు కొట్టి నీళ్లు తెచ్చి చల్లాడు. చేతులు రుద్ది కడుక్కుని సంగటి తిన్నాడు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. ఒక రెక్కలో చెక్క విరిగిన చోట మూడు వేళ్లంత సందు ఉంది. ఒంగి ఆ సందులోనుంచి చూశాడు. చీకటిలో బల్ల అంచు, దానిమీద తెల్లగా ఏదో అక్షరం తోక. రాసింది! అంతవరకే కనపడింది. ఇటు తిరిగి చూశాడు, అటు తిరిగి చూశాడు. ఇంకొక్క అక్షరం కూడా కనపడలేదు. మెట్లమీదికి వచ్చి కూర్చుని, కాసేపటికి మళ్లీ లేచాడు. గంటన్నరలో అయిదుసార్లు లేచాడు.

ఆటో ఆగి, విత్తనకాయల మూటతో బయ్యమ్మ దిగింది.

"ఏమప్పా, ముహూర్తం దాటిపోతాందని పెండ్లికొడుకు కాసుకోని ఉన్నట్టుండావే!"

"తాళం తియ్యక్కా ముందు. రంగు ఎండిపోతాండాది."

"రంగే ఎండిపోతాండాదో, నీ గొంతే ఎండిపోతాండాదో." తాళం తీసి, మూటను వరండాలోకి ఈడ్చుకుని వంటగది వైపు వెళ్లింది. రేపటికి పొయ్యి అలకాలి.

చెంగల్రాయుడు కిటికీ రెక్కలు తెరిచాడు. వెలుగు బల్లమీద పడింది. చెప్పులు విప్పి, దగ్గరికి పోయి, అక్షరాలకు తగలకుండా వేలు కింద పెట్టుకుంటూ చదివాడు.

'చెంగల్రాయుడు గారికి. బడి. దొరికిన నిఘంటువులన్నీ చూశాను. కుప్పం వెళ్లి అక్కడి యూనివర్సిటీలో పెద్ద పుస్తకాలు కూడా చూశాను. ఒకరు ఒకటి అంటారు, మరొకరు మరొకటి. నాకు నమ్మకం కుదరలేదు. తెలియనిదాన్ని తెలుసని రాయలేను. ఇన్నేళ్లు మీరు అడిగారు. ఈసారి నేను అడుగుతున్నాను. బడి అంటే మీకు ఏమిటి?'

కింద సగం బల్ల ఖాళీగా ఉంది. కిటికీ గట్టుమీద కొత్త సుద్దముక్క ఒకటి, కొసలు కూడా విరగనిది, పడకుండా గోడవారకు జరిపి పెట్టి ఉంది.

చివరి రెండు వరుసలు కుడివైపుకు పోనుపోను కిందికి జారాయి. ఈమె గీత ఎన్నడూ జారేది కాదే అనుకున్నాడు. వయసయింది, తనకు మోకాళ్లు పోలేదూ అనుకున్నాడు.

పిల్లల పలకల పెట్టెమీద కూర్చున్నాడు. అర్థం చెప్పలేదని కోపం రాలేదు. అతన్ని ఇంతవరకూ ఎవరూ ఇలాంటిది అడగలేదు. ఎన్ని కుంచెలు పడతాయి అని అడిగారు, ఎప్పుడొస్తావు అని అడిగారు. నీకేమిటి అని అడిగినవాళ్లు లేరు. బడి అంటే తనకు ఏమిటి? గుట్టకింద వినపడే ఎక్కమా? అది వినపడేదే గాని తనది కాదు. మూడో తరగతిలో పక్కన పెట్టిన పలకా? దాని చట్రం కూడా గుర్తులేదు. తాళం వేసిన తలుపా? బిందెమీది గుడ్డ తీసి, రంగును కర్రతో కలుపుతూ ఆలోచించాడు. కలిపి కలిపి చేయి ఆగింది. దొరికింది. అంత పెద్దదేమీ కాదు. అయినా తనదే.

దొరకగానే దాన్ని బల్లమీద రాయాలనిపించలేదు. రాస్తే ఆమె ఎప్పుడు చూస్తుంది? మే నెలాఖరుకే రిటైరయి ఉంటుంది, ఇక ఈ బడికి రాదు. పోయి చెప్పాలి. ఆదివారం పని లేదు. మదనపల్లె ఎంత దూరం గనక? బేనిషా మామిడిపండ్లు డజను కట్టించుకుని, ఈ చొక్కానే మళ్లీ ఉతికించుకుని, రెడ్డెమ్మను కూడా తీసుకుపోవాలి. పద్నాలుగేళ్లుగా దెప్పుతోంది కదా, చూడనీ ఆ టీచరమ్మను. గడపలో నిలబడి, 'అమ్మా, మీరు అడిగినారే, దానికి వచ్చినా' అనాలి.

"బయ్యక్కా!" కేక వేశాడు. "టీచరమ్మ ఇల్లు మదనపల్లెలో యాడ?"

వంటగదిలో పేడ కలుపుతున్న చప్పుడు ఆగింది. బయ్యమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

"యాలప్పా?"

"ఒక మాట అడిగింది. చెప్పొస్తాను."

బయ్యమ్మ బల్లవైపు చూసింది. ఆమెకు చదువు రాదు. ఆ తెల్లటి వరుసలను చూసి, అతన్ని చూసింది.

"నీకెవురూ చెప్పలేదా? పోయిన నెల పదో తేదీనే పాయె కదప్పా ఆ తల్లి. మిషన్ ఆస్పత్రిలో పదైదు దినాలు ఉండాది. కడుపులో గడ్డ. సలికాలం నుంచే తెలుసంట. ఆఖరిరోజు బడికి వస్తే నేనే సెయ్యి పట్టుకోని నడిపిస్తి. పిల్లోళ్లను పంపించేసి, ఇది రాసేదానికి మూడుతూర్లు కుర్చీలో కూలబడింది. ఇంగ సాలు తల్లీ అంటి. ఇనలా."

అతను కర్ర పట్టుకున్నట్టే పట్టుకుని ఉన్నాడు.

"కుప్పం యాల పోయింది అక్కా, ఆ నొప్పితో?"

"నేనూ అదే అడిగితి. ఒకాయనకు మాటిచ్చినాను బయ్యమ్మా అన్నింది. ఎవురో పెద్ద ఆఫీసరు అనుకుంటి నేను."

రంగు కలిపిన చెంగల్రాయుడి చేతులకు ఉమ్మెత్త పసరు అంటి ఉంది. భుజం పైకెత్తి, ఉతికిన చొక్కాకు ముఖం ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. బయ్యమ్మ లోపలికి వెళ్లిపోయింది. పేడ అలికే చప్పుడు మెల్లగా మళ్లీ మొదలైంది.

తర్వాత లేచాడు. రేపు పిల్లలు వస్తారు. గుడ్డ తడిపి పిండాడు. ఏటా మొదట తన పేరు తుడిచి, ఆమె చెప్పిన అర్థాన్ని చివరిదాకా ఉంచుకునేవాడు. ఈసారీ అలాగే చేశాడు. 'ఏమిటి' అన్న మాట ఒక్కటి మిగిలినప్పుడు ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. గుడ్డ తెల్లబడింది. బల్ల బూడిదరంగులో బోసిగా మిగిలింది.

కుంచె ముంచాడు. అడ్డంగా ఒక పూత, ఎడమనుంచి కుడికి, కుంచె ఎత్తకుండా. జూన్ ఎండకు అది అరగంటలో ఆరింది. నిలువుగా రెండో పూత. అంచులు, మూలలు, మేకు కొట్టి వదిలేసిన గుంట, ఏదీ వదల్లేదు. ఇంత శ్రద్ధగా ఎన్నడూ వేయలేదు. పచ్చి ఆకువాసన గది నిండింది. రెండో పూత ఆరేసరికి బల్ల తడిసిన గొర్రెపొట్టేలు కన్నులా నల్లగా మెరిసింది.

పని అయ్యాక పరీక్ష ఒకటి ఉంటుంది. సుద్దతో మూలన ఒక గీత గీయాలి, గుడ్డతో తుడవాలి. గీత తెల్లగా పడి, మచ్చ లేకుండా పోతే నలుపు కుదిరినట్టు. ముప్పై బడుల్లో, పద్నాలుగేళ్లుగా అతను గీసింది గీతలే. ఒక్క అక్షరం రాయలేదు. బల్ల అయ్యవార్లది.

కిటికీ గట్టుమీది సుద్ద తీసుకున్నాడు. కుడి మూలకు పోలేదు. బల్ల నడుమకు వచ్చి నిలబడ్డాడు. రాయడం మొదలుపెట్టాక ఆగలేదు. పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరాన్నీ గోడకు మేకు కొట్టినట్టు ఒత్తి రాశాడు. అక్షరాలు పెద్దవీ చిన్నవీగా వచ్చాయి. వరుస తిన్నగానే వచ్చింది.

బయ్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏం రాసినావప్పా? సదువు నాకు."

అతను గొంతు సవరించుకున్నాడు. "బడి అంటే, నా కోసరం ఒక మాట కాసుకోని ఉండే తావు."

బయ్యమ్మ ఆ వరుసకేసి చూసింది. "ఆయమ్మ మాటా?"

"లేదక్కా. నాది."

"తుడిసేయవా మరి? రేపు కుప్పం నుంచి కొత్త అయ్యోరు వస్తాడంట."

"ఆయన తుడుచుకుంటాడులే."

బిందె బోరింగు కింద కడిగాడు. కుంచెలు కడిగాడు. చేతులు ఎంత కడిగినా నలుపు గోళ్లసందుల్లో అలాగే ఉంది. బయ్యమ్మ కిటికీ రెక్కలు మూసి, తలుపుకు తాళం వేసి, విత్తనకాయల మూట నెత్తికెత్తమంది. ఎత్తాడు. ఆమె ఇంటిదారి పట్టింది. బస్సుకు ఇంకా పొద్దుంది.

రెడ్డెమ్మ మాట అడుగుతుంది. చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చాడు. కిటికీ రెక్క విరిగిన చోట ఒంగి సందులోనుంచి చూశాడు. బల్ల నల్లటి అంచే తప్ప నడుమ రాసింది ఇటునుంచి కనపడదు. దగ్గరగా కిటికీ గట్టు కనిపించింది. దానిమీద, పడకుండా గోడవారకు జరిపి పెట్టిన సుద్దముక్క. ఒక కొస కొంచెం అరిగి, తెల్లటి ఒంటిమీద నల్లగా ఒక బొటనవేలి ముద్ర.